డార్లా కాచిన ఇత్తడి

మా తెలుగు చర్చిలో కొత్తగా వచ్చినవాళ్లని ముందుకి పిలిచి పరిచయం చేయడం ఆనవాయితీ. అమెరికాలోని ఈ బెంటన్‌విల్‌లో ఆ పరిచయాలన్నీ ఒకేలా ఉంటాయి. పేరు, ఊరు, ఏ కన్సల్టింగ్ కంపెనీ తరఫున వచ్చారు, ఏ ప్రాజెక్ట్. మేము వెళ్లిన మొదటి ఆదివారం మా ఆయన ప్రసాద్ తన ప్రాజెక్ట్ సంగతి చెప్పి మైకు నా చేతికిచ్చారు.

"నా పేరు రూతు. మాది తణుకు దగ్గర. నేను తూటాల కేసులు చేసే ఫ్యాక్టరీలో మెటలర్జిస్ట్‌గా చేరాను" అన్నాను.

వెనక వరసలో ఒక పెద్దాయన గట్టిగా దగ్గారు. తర్వాత భోజనాల దగ్గర ఒకావిడ నా ప్లేట్లో పులిహోర వడ్డిస్తూ "అంటే బాంబులా అమ్మా?" అని మెల్లగా అడిగింది.

"బాంబులు కాదండీ, ఇత్తడి గిన్నెలు. కాస్త సన్నవి, పొడుగువి" అన్నాను. ఆ రోజు నుంచి చర్చి పిల్లలందరికీ నేను ఇత్తడి ఆంటీని. రిటైరై ఇంట్లో కూర్చున్నా ఆ పేరు పోలేదు, పోవాలని నాకూ లేదు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం నిస్సీ. ఇక్కడే పుట్టి, మా కళ్ల ముందే పెరిగిన పిల్ల. మొన్న ఆరాధన అవగానే పరిగెత్తుకొచ్చి నా చేతులు పట్టుకుంది. "ఆంటీ, నాకు జాబ్ వచ్చింది! బ్రాస్ ప్లాంట్, క్వాలిటీ ఇంజనీర్! మీరు చెప్పు, నేను ఏం తెలుసుకోవాలి?" మర్యాద ఒక చేత్తో, చనువు ఇంకో చేత్తో పట్టుకొచ్చే ఆ 'మీరు చెప్పు' వింటే నాకు ఎప్పుడూ ముద్దొస్తుంది. నిస్సీకి తెలుగు చదవడం రాదు. వాళ్లమ్మ చదివి వినిపిస్తానంది కాబట్టి అర్థమయ్యేలా రాస్తున్నాను.

గిన్నె పని

తూటాలో నాలుగు వస్తువులుంటాయి. ముందు బుల్లెట్, లోపల మందు, అడుగున నిప్పు రాజేసే చిన్న ప్రైమర్, ఈ మూడింటినీ పట్టి ఉంచే ఇత్తడి కేసు. పేల్చగానే మిగతా మూడూ ఖర్చయిపోతాయి. కేసు మాత్రం చేతికి తిరిగొస్తుంది. దాన్ని శుభ్రం చేసి, సైజు సరిచేసి, మళ్లీ నింపుకోవడాన్నే రీలోడింగ్ అంటారు. అమెరికాలో కొంతమందికి ఇది పెద్ద పిచ్చి. మనవాళ్లు ఆవకాయ పాళ్ల గురించి వాదించుకున్నట్టు వీళ్లు ఎవరి ఇత్తడి మంచిదని వాదించుకుంటారు.

ఆ వాదనలో సగం సోదే గానీ సగం నిజం. బుల్లెట్‌ని పట్టుకునేది కేసు మెడ. ఒక కేసు మెడ బిర్రుగా, ఇంకో కేసు మెడ వదులుగా పట్టుకుంటే బుల్లెట్ బయటికెళ్లే వేగం మారుతుంది. వంద గజాల దూరంలో ఆ తేడా ఎవరికీ కనబడదు. వెయ్యి గజాలకి వెళ్లేసరికి ఒకటి టార్గెట్ పైన, ఒకటి కింద తగులుతుంది. తుపాకీ ఎంత ఖరీదైనదైనా, పడుకుని గురిపెట్టిన మనిషి ఎంత నిబ్బరంగా ఉన్నా, మెడలు తలా ఒక రకంగా ఉంటే ఏమీ చేయలేరు. అందుకే గోడ మందం సమంగా ఉందా, మెడ మెత్తదనం అన్ని కేసుల్లోనూ ఒకేలా ఉందా అని చూడాలి. నాకు తెలిసిన మంచి ఇత్తడి అదే.

మెత్తదనం ఎందుకంటారా? తీగని అటూ ఇటూ వంచుతూ పోతే గట్టిపడి చివరికి పుటుక్కుమంటుంది కదా, ఇత్తడీ అంతే. రేకు నుంచి చిన్న బిళ్ల కోసి, దాన్ని గిన్నెలా వంచి, ఆ గిన్నెని మళ్లీ మళ్లీ సాగదీస్తే కేసు అవుతుంది. సాగదీసిన ప్రతిసారీ గట్టిపడుతుంది కాబట్టి మధ్యమధ్యలో కొలిమిలో కాచి మెత్తబరచాలి. అన్నీ అయ్యాక చివర్లో మెడని మాత్రం మంటల వరస మీదుగా తిప్పుతూ కాస్తారు. అడుగు గట్టిగా ఉండాలి, మెడ మెత్తగా ఉండాలి. ఆ ఆఖరి కాపుడు అయ్యాక మెడ దగ్గర నీలం, ఊదా కలిసిన ఒక చార మిగులుతుంది. నాకు ఆ రంగంటే ప్రాణం. అది మురికి అనుకుని కొందరు కస్టమర్లు ఫోన్లు చేస్తే, మా సేల్స్ వాళ్లు వచ్చి పాలిష్ పట్టించి పంపమని గొడవ చేశారు. "పెళ్లిలో వడ్డించడానికి కాదు బాబూ ఇవి" అని తెలుగులో తిట్టి పంపించాను. నాకు ముక్కు మీద కోపం. అర్థం కాకపోయినా వాళ్లకి విషయం బాగానే అందింది.

ఇలాంటి ఉద్యోగం విశ్వాసులు చేయొచ్చా అని చర్చిలో నన్ను అడిగినవాళ్లున్నారు. నేను చేసిన కేసులు ఎక్కువగా వెళ్లింది కాగితం టార్గెట్ల మీద గురి చూసుకునే రైతులకీ, రిటైరైన టీచర్లకీ. అన్నీ అక్కడికే వెళ్లాయని మాత్రం ఒట్టేసి చెప్పలేను. ఆ ప్రశ్న నిస్సీకీ వస్తుంది. సమాధానం తనే వెతుక్కోవాలి, నాది అరువిస్తే సరిపోదు.

గ్యారీ, డార్లా

మా బాస్ గ్యారీ మంచి మనిషి. ఎప్పుడూ గొంతు పెంచడు, ఎవరింట్లో చావైనా పుట్టుకైనా ముందు తనే వెళతాడు. ఒక్కటే జబ్బు. ఏదైనా తేడా వచ్చిందంటే మధ్యాహ్నం భోజనం లోపల దాని పక్కన ఒక మనిషి పేరు ఉండాలి. ఆ పేరు దొరికితే గానీ ఆయనకి ముద్ద దిగదు. ఇలాంటి బాస్‌లు ప్రతి ఫ్యాక్టరీలోనూ ఉంటారు, చాలామంది మనసున్నవాళ్లే. అయినా వాళ్లతో జాగ్రత్తగా ఉండాలి.

డార్లా మెడలు కాచే మంటల లైన్ మీద పనిచేసేది. మా ఫ్యాక్టరీ ఉన్న ఊళ్లో అప్పుడు చెప్పుకోదగ్గ ఫ్యాక్టరీలు రెండే. మాది ఒకటి, కోళ్లు కోసే ప్లాంట్ ఇంకొకటి. డార్లా చిన్న వయసులోనే ఆ చలి గదుల్లో కత్తి పట్టుకుని ఏళ్ల తరబడి పనిచేసింది. మా దగ్గరికి వచ్చాక కూడా వేళ్లు పూర్తిగా చాచలేకపోయేది. మంటల దగ్గర నిలబడి చేతులు కాచుకుంటూ "రూత్, నన్ను చంపినా మళ్లీ ఆ కోళ్ల దగ్గరికి వెళ్లను" అని నవ్వేది. నవ్వుతూ అన్నా, నిజంగానే అనేది.

ఒకరోజు పొద్దున ఎర్ల్ అనే ఆయన టార్గెట్ కాగితం చుట్టి చంకలో పెట్టుకుని నేరుగా మా ల్యాబ్‌లోకి వచ్చేశాడు. కోళ్ల రైతు, ఆ చుట్టుపక్కల దూరం షూటింగ్ చేసేవాళ్ల క్లబ్‌కి పెద్ద. ఆయన మాట తీరు అచ్చం మా తణుకు కోళ్ల రైతుల మాట తీరే, అందుకని ఇంగ్లీషులో అన్నదాన్ని ఆ తెలుగులోనే రాస్తాను.

"సూడండి మేడంగారూ" అంటూ బల్ల మీద కాగితం పరిచాడు. చిల్లులన్నీ చొక్కా గుండీల్లా ఒకదాని కింద ఒకటి, పైనుంచి కింద దాకా. తర్వాత జేబులోంచి కేసులు గుప్పెడు తీసి గలగలమని పోశాడు. చాలావాటికి మెడల మీద నిలువునా వెంట్రుకంత సన్నని చీలిక. "ఒక్కోదాన్నీ తూకం ఏసి, మెడ కొలిచి, కన్నబిడ్డలా సూసుకుంటానండి నేను. నింపి పెట్టుకున్నాక, పేల్చకముందే పగిలిపోతన్నయ్యండి. పగలనియ్యి కూడా గురి తప్పుతన్నయ్. ఎవరండీ చేసింది ఇయ్యి?"

శాంపిళ్లు ఇవ్వడానికి వచ్చిన డార్లా తలుపు దగ్గరే నిలబడి ఉంది. పెట్టె మీద, ఏ విడత సరుకో చెప్పే లాట్ నంబర్ చూసింది. మొహం పాలిపోయింది.

"నేనే" అంది, వినబడీ వినబడనట్టు.

ఆ లాట్ కాస్తున్నప్పుడు మంటల వేడిలో తేడా వచ్చిందని అలారం ఒకసారి మోగింది. డార్లా లైన్ ఆపి, ఆ కాసిని కేసులూ తీసి పారేసి, మంటలు సరిచేసి మళ్లీ నడిపింది. ఆ సంగతి ఆ రోజే తనంతట తనే అందరికీ చెప్పింది కూడా. గ్యారీకి అది చాలు, భోజనం లోపల పేరు దొరికింది. లాట్ మొత్తం తుక్కులో వేయాలన్నాడు. డార్లాని సోమవారం దాకా ఇంట్లో ఉండమన్నాడు, సోమవారం ఆఖరి నిర్ణయం చెబుతానన్నాడు. ఎర్ల్ గారేమో పగిలిన కేసులు క్లబ్ అందరికీ చూపిస్తానని చెప్పి వెళ్లిపోయాడు. డార్లా లాకర్ ఖాళీ చేసుకుంటుంటే నేను నేరుగా ల్యాబ్‌కి వెళ్లాను.

ఇంగ్లీషువాళ్ల వానాకాలం

మేము ప్రతి లాట్ నుంచీ కొన్ని కేసులు దాచిపెడతాం. డార్లా లాట్‌వి తీసి గట్టిదనం కొలిచాను. అన్నీ ఒకేలా ఉన్నాయి, వంక పెట్టడానికేమీ లేదు. ఎర్ల్ గారి కేసు ఒకటి కోసి మైక్రోస్కోప్ కింద పెట్టాను. ఎండిన చేలో నెర్రెల్లా, చీలిక ఇత్తడి రేణువుల మధ్య సందుల్లోంచి పాకుతూ పోయింది.

కాలేజీలో మా లెక్చరర్ ఈ పాఠం చెప్పేటప్పుడు ఆయన మొహంలో ఎక్కడ లేని సంతోషం వచ్చేది, ఎందుకంటే ఇది మన దేశం కథ. ఇంగ్లీషువాళ్ల కాలంలో వానలు పడితే చాలు, నిల్వ ఉంచిన తూటాల కేసులు వాటంతటవే పగిలేవట. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా గాలిలో కలిసి, తేమతో పాటు ఇత్తడిని పట్టేది. లోపల బిగువు ఉన్న ఇత్తడికి అమోనియా, తేమ తోడైతే చీలిపోతుంది. బుల్లెట్ దించిన మెడలో ఆ బిగువు ఉండనే ఉంటుంది. బయటికి చీలిక కనబడకముందే లోపల పట్టు సడలుతుంది, గురి తప్పేది అప్పుడే.

వెంటనే ఎర్ల్ గారికి ఫోన్ చేశాను. "పాలిష్ దేంతో పడతారండీ?"

"మొక్కజొన్న కంకి పొడిలో ఏసి తిప్పుతానండి. ఇంకేం ఎయ్యను."

"కిటికీలు తుడిచే మందు గానీ...?" దాంట్లో అమోనియా ఉంటుంది.

"నా కిటికీలే తుడవనండి నేను, తూటాలు తుడుత్తానా?"

గ్యారీకి చెబితే "అయితే అమోనియా ఎక్కడి నుంచి వచ్చింది రూత్, ఆకాశం నుంచి ఊడిపడిందా?" అన్నాడు. శనివారం ఎర్ల్ గారింటికి వెళ్లి చూసొస్తానని చెప్పాను. డార్లాకి ఫోన్ చేస్తే "నేనే డ్రైవ్ చేస్తా, ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది" అంది.

ఎర్ల్ గారి గది

డార్లా పాత ట్రక్కులో వెళ్లాం. దారి పొడుగునా గతుకులే. నడుము విరుగుతుందని నేను మొత్తుకుంటుంటే డార్లా నవ్వింది. ఆ వారంలో తను నవ్వడం అదే మొదలు.

ఎర్ల్ గారు మమ్మల్ని చూసి మొహం ముడుచుకున్నాడు గానీ, రీలోడింగ్ గది చూపించమనగానే ముడి విడిపోయింది. పొడుగాటి కోళ్ల షెడ్డు చివర, ఫ్యాన్ల స్విచ్‌లుండే చిన్న గది అది. బల్ల తళతళలాడుతోంది. త్రాసు మీద గుడ్డ కప్పి ఉంది. గోడకి అలమరా, అందులో వరసగా నింపిన తూటాల డబ్బాలు. పక్క గోడకి అవతల వేల కోళ్లు ఒకటే గోల.

గదిలో అడుగు పెట్టానో లేదో నా కళ్లు భగ్గుమన్నాయి. నీళ్లు ధారగా కారాయి. ఒక్క క్షణంలో నేను తణుకు వెళ్లిపోయాను. మా నాన్న కోళ్ల ఫారంలో సూపర్‌వైజర్. షెడ్ల పక్కనే మా క్వార్టర్స్. వానాకాలంలో మా ఇంటికి వచ్చిన చుట్టాలు గుమ్మంలోనే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేవాళ్లు. మేమేమో, "ఎందుకలా చేస్తారు వీళ్లు?" అని విడ్డూరంగా చూసేవాళ్లం.

"ఓరి నాయనో!" అని అరిచి, కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాను.

ఎర్ల్ గారికి కోపం వచ్చింది. "ఏం కనబడిందండీ అంత నవ్వడానికి?"

"మీకు వాసన రావడం లేదూ?"

"ఏం వాసనండీ?"

"ఎర్ల్, నాకు కళ్లు తెరుచుకోవడం లేదు" అంది డార్లా చొక్కా అంచుతో మొహం తుడుచుకుంటూ.

ఆయన గట్టిగా గాలి పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. "బానే ఉందే!" అన్నాడు పాపం, నిజాయితీగా.

అక్కడుంది అసలు సంగతి. కోళ్ల రెట్టలో పుట్టేది అమోనియాయే. రోజూ అందులో బతికే మనిషి ముక్కుకి అది అందదు. మా ఫ్యాక్టరీలో సగం మంది కోళ్ల ఫారాల్లో పెరిగినవాళ్లే, గ్యారీతో సహా. ఆ ప్రాంతంలో ఎవరికీ ఇది తట్టదు, ఎందుకంటే వాళ్లకది వాసన కాదు, ఇల్లు.

"ఇదివరకు ఈ డబ్బాలు ఎక్కడ పెట్టేవారండీ?" అని అడిగాను.

"గ్యారేజీలోనండి. మా ఆవిడ అక్కడ పెద్ద ఫ్రీజర్ ఎట్టి, మొన్న వేసంగి ముందు నన్ను ఇక్కడికి తరిమేసింది." అని ఆగిపోయాడు. డబ్బాల వంక చూశాడు, షెడ్డు వంక చూశాడు. "ఆయ్!" అన్నాడు నెమ్మదిగా.

కోళ్ల సాక్ష్యం

సోమవారం గ్యారీ నా మాట మొత్తం విని "కోళ్లని సాక్ష్యానికి తీసుకొచ్చావా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "మీకు కావలసింది కారణమా, మనిషా? ముందు అది తేల్చండి" అన్నాను. గ్యారీ లాట్ తుక్కులో వేయకుండా ఆపాడు. డార్లాని ప్యాకింగ్‌లో పెట్టాడు. కొన్ని వారాల్లో రుజువు తేలేకపోతే తన మొదటి మాటే ఖాయమన్నాడు.

మందు, ప్రైమర్ లేకుండా ఉత్త బుల్లెట్లు దించిన కేసులు తయారు చేశాం. కొన్ని డార్లా లాట్‌వి, కొన్ని డార్లా ముట్టుకోని లాట్‌వి, కొన్ని వేరే కంపెనీవి. అన్నింట్లోంచీ సగం ఎర్ల్ గారి గదిలో, సగం వాళ్ల ఆవిడ వంటింటి అలమరాలో. ఆవిడ పంచదార డబ్బా పక్కన చోటిచ్చింది గానీ, వంటింట్లో తూటాలేంటని ఆయన తల తినేసిందట.

ఆ వారాల్లో డార్లా ప్యాకింగ్ బల్ల దగ్గర పెట్టెలకి టేపు వేస్తూ, నేను అటు వెళ్లినప్పుడల్లా నా మొహం వంక చూసేది. కోళ్ల ప్లాంట్‌లో మనుషుల్ని తీసుకుంటున్నారని ఎవరో చెప్పారంది. "నువ్వు వెళ్లవు" అన్నాను. నాకు మాత్రం ఏం తెలుసు, అయినా గట్టిగానే అన్నాను.

ఒక మధ్యాహ్నం ఎర్ల్ గారి ఫోన్. "పగిలినయ్యండీ!" అంటూ సంబరంగా కేక. "మూడు రకాలూ పగిలినయ్! వేరే కంపెనీయ్యి ఇంకా ఎక్కువ పగిలినయ్!"

"వంటింట్లోవి?"

"నిగనిగలాడతన్నయ్యండి, ఒక్కదానికీ గీత లేదు!"

ప్యాకింగ్‌లోకి పరిగెత్తాను. ఆ వయసులో అలా పరిగెత్తకూడదు. డార్లా నన్ను చూసి టేపు కింద పడేసి, మెడ పట్టుకుని అల్లుకుపోయింది. ఇద్దరం ఏడ్చాం, నవ్వాం, చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. గ్యారీ వచ్చాడు. షిఫ్ట్ మొత్తం ముందు డార్లాకి క్షమాపణ చెప్పి, మంటల లైన్ దాకా తనే తీసుకెళ్లాడు. తప్పు ఒప్పుకోవడంలో ఆయన ఎప్పుడూ పిసినారి కాదు.

నిస్సీ, ఆ తర్వాత మా ల్యాబ్‌లో ఎవరు ఫిర్యాదు చేసినా లాట్ నంబర్ కంటే ముందు "ఇవి ఇంట్లో ఎక్కడ పెడతారండీ?" అని అడగడం మొదలుపెట్టాం. కేసు మన గేటు దాటాక ఏ గాలిలో బతుకుతుందో తెలుసుకోకపోతే మైక్రోస్కోప్ ఎంత మంచిదైనా సగమే చెబుతుంది. గదిలోకి వెళ్లు, గాలి పీల్చు, నీకు అలవాటు కాని వాసన ఏమిటో చూడు. అలవాటైనదేమిటో కూడా.

వెయ్యి గజాలు

ఆ శరదృతువులో ఎర్ల్ గారి క్లబ్ పోటీకి డార్లానీ నన్నూ పిలిచారు. ప్రసాద్ కూడా వస్తానని చెవుల్లో పెట్టుకోవడానికి దూది పట్టుకొచ్చారు. అక్కడివాళ్లు నవ్వి ఆయనకి పెద్ద హెడ్‌ఫోన్ లాంటిది తగిలించారు. డార్లా అన్నేళ్లు లక్షల మెడలు కాచినా, వాటిలో ఒక్కటి పేలి అంత దూరం వెళ్లడం ఎప్పుడూ చూడలేదట. ఎర్ల్ గారు పడుకున్న చాప పక్కనే దూరదర్శిని ముందు బోర్లా పడుకుంది.

ఎర్ల్ గారు వాడింది తుక్కులో పడబోయిన ఆ లాటే. కొత్త కేసులు, గ్యారేజీలో నింపినవి. ఫ్రీజర్ ఇప్పుడు షెడ్డు గదిలో ఉందట, వాళ్లావిడ ఒప్పుకోవడానికి ఏం మొక్కుకున్నాడో నాకు తెలియదు. ఆయన ఒక్కోటీ పేలుస్తుంటే గాలికి జెండాలు రెపరెపలాడుతున్నాయి. డార్లా దూరదర్శినిలోంచి కన్ను తీయడం లేదు.

టార్గెట్ కాగితం తెచ్చి బల్ల మీద పరిచారు. చిల్లులన్నీ ఒకచోట గుమిగూడి ఉన్నాయి, మొత్తం నా అరచేతి కింద దాక్కున్నాయి. చుట్టూ షూటర్లు చేరి ఈలలు వేశారు. ఎర్ల్ గారు లేచి, మోకాళ్ల దుమ్ము దులుపుకుని, డార్లా వైపు తిరిగాడు. ఆ రోజు ల్యాబ్‌లో అడిగిన మాటే, ఈసారి షూటర్ల వరస ఆ చివర దాకా వినబడేలా అడిగాడు.

"ఎవరండీ చేసింది ఇయ్యి?"

డార్లా నా వంక చూసింది. నేను తల ఊపాను. పూర్తిగా చాచలేని ఆ వేళ్లని నోటి చుట్టూ దొన్నెలా పెట్టుకుని, కొండలు మారుమోగేలా అరిచింది.

"నేనే!"

రెండోసారి ఎవరూ అడగలేదు. అయినా మళ్లీ అరిచింది.